తొనకూ పీచుకూ మధ్య ఒక ఈగ

వేసవిలో పనసపండు కోసే ఇంట్లో ఒక పద్ధతి ఉంటుంది. కింద పాత గోనెసంచి పరుస్తారు. జిగురు అంటకుండా కత్తికీ చేతులకూ నూనె రాసుకుంటారు. పండు రెండు చెక్కలయ్యాక తొనలు పళ్ళెంలోకి, పీచూ తొక్కా పశువుల ముందుకి. ఇంత పెద్ద పండులో తినేది ఇంతేనా అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఇవాళ ఆ పీచుతోనే మొదలుపెడదాం.

పనసపండు ఒక్క పువ్వు నుంచి వచ్చిన పండు కాదు. వందలూ వేలూ ఆడపూలు ఒకే దుంపకాడ చుట్టూ ఒత్తుగా అతుక్కుని, అన్నీ కలిసి ఒకే కాయగా ఊరతాయి. పైన గరుగ్గా తగిలే ఒక్కో ముల్లూ ఒక్కో పువ్వు కొస. పుప్పొడి అందిన పువ్వు గింజ కడుతుంది, గింజ చుట్టూ కండ పడుతుంది, అది తొన. పుప్పొడి అందని పువ్వు చదునుగా సాగి అలాగే మిగిలిపోతుంది, అది పీచు. తొనలెన్ని, పీచెంత అన్న లెక్క పూతరోజుల్లోనే తేలిపోతుంది. మనం ఎప్పుడో వేసవిలో కత్తి పట్టుకుని ఆ లెక్క చూస్తాం, అంతే. కాయ ఒకవైపు సొట్టపోయి వంకరగా ఎదిగిందంటే, చాలాసార్లు ఆ వైపు పూలకు పుప్పొడి సరిగా అందలేదని అర్థం.

మరి ఆ పుప్పొడిని మోసింది ఎవరు?

పనసకు మగపూత వేరు, ఆడపూత వేరు, రెండూ ఒకే చెట్టు మీద ఉంటాయి. మగపూత వేలెడంత ఉంటుంది. కొన్నాళ్ళు పసుపుపచ్చని పొడి రాల్చి, తరవాత నల్లబడి, బూజు పట్టి రాలిపోతుంది. మా చెట్టుకు పిందెలన్నీ రాలిపోతున్నాయండీ, ఏం మందు కొట్టమంటారు అని అడిగేవాళ్ళలో చాలామంది చూసేది ఈ మగపూతనే. అది పిందె కాదు. రాలడంతో దాని పని అయిపోయిందని కూడా అనుకోవద్దు, అసలు కథ అక్కడే ఉంది.

పనస పుట్టిల్లు మన పడమటి కనుమల వానడవులు. దాని దగ్గరి చుట్టం ఒకటి మలేషియా, ఇండోనేషియా అడవుల్లో ఉంది. అక్కడివాళ్ళు చెంపెడక్ అంటారు, ఇష్టంగా తింటారు. బోర్నియో దీవిలో సరవాక్ రాష్ట్రంలో లంబీర్ అనే అడవి ఉంది. అక్కడ షోకో సకాయ్ అనే జపాన్ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ చెంపెడక్ పూతను పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు చూసిన సంగతి 2000లో అచ్చయింది. మగపూత మీద ఒక రకం బూజు పెరుగుతుంది. ఆ బూజు తినడానికి నలుసంత ఈగలు వస్తాయి, అక్కడే గుడ్లు పెడతాయి, పిల్లలు ఆ బూజు తిని పెరుగుతాయి. పెరిగిన ఈగల ఒంటికి పుప్పొడి అంటుతుంది. ఆడపూత దగ్గర బూజూ లేదు, తిండీ లేదు, వాసన మాత్రం మగపూత వాసనలాగే ఉంటుంది. ఈగ మోసపోయి అక్కడా వాలుతుంది. మోసపోయినందుకు దానికి దక్కేది ఏమీ లేదు, చెట్టుకు మాత్రం పండు.

ఈ ఈగలు ఏ కుటుంబానివో చెబితే వరి రైతులు నవ్వుతారు. ఉల్లికోడు తెలుసు కదా, వరి పిలకను ఉల్లి ఆకులా గొట్టం చేసి పారేసే పురుగు. ఇవీ ఆ కుటుంబానివే. వరిమడిలో పంట తినే ఇంటిపేరే పనసచెట్టు మీద పంట ఇస్తోంది. పనస సంగతి కూడా దాదాపు ఇదేనని 2018లో తేలింది. పుప్పొడి మోసే ఈగ ఒక కొత్త జాతిదని గుర్తించి పేరు పెట్టారు. ఎక్కడ అనుకున్నారు? పడమటి కనుమల్లో కాదు, పనస వలసవెళ్ళిన అమెరికాలోని ఫ్లోరిడా తోటల్లో. అంతకు ముందు చాలా పుస్తకాలు పనసకు గాలే పుప్పొడి మోస్తుందని రాసి ఊరుకున్నాయి.

గాలి అన్న జవాబు వానడవికి అంత తేలిగ్గా అతకదు. గాలిని నమ్ముకోవాలంటే ఒకే జాతి మొక్కలు పక్కపక్కన ఉండాలి, వరిచేనులోనో జొన్నచేనులోనో ఉన్నట్టు. లంబీర్ అడవిలో 52 హెక్టార్ల చోట చెట్లన్నీ లెక్కపెడితే 1,200కు దగ్గరగా జాతులు తేలాయి. ఒక చెట్టుకు దాని జాతి చెట్టు ఎంత దూరంలో ఉంటుందో ఊహించండి. పైగా కింది అంతస్తులో గాలే ఆడదు. అందుకే ఉష్ణమండలపు మొక్కల్లో పుప్పొడి కోసం జంతువుల మీద, ముఖ్యంగా పురుగుల మీద ఆధారపడేవి నూటికి 94 దాకా ఉంటాయని 2011లో ఒక అంచనా వేశారు. చల్లని దేశాల్లో ఆ లెక్క 78.

పురుగు అనగానే మనకు తేనెటీగ, సీతాకోకచిలుక గుర్తొస్తాయి. తేనె ఆశ చూపి పిలుస్తుంది పువ్వు, పని చేయించుకుని పంపేస్తుంది. రోజుకూలీ బేరం. వానడవిలో మనం తినే పండ్లచెట్లు కొన్ని ఈ బేరం పెట్టుకోవు. అవి పాలేరును ఇంట్లోనే ఉంచుకుని పెంచుతాయి. రాలిన పూతలో, కుళ్ళిన తొక్కలో, పండు కడుపులో కూడా. ఆ కుళ్ళూ ఆ చెత్తా తీసేస్తే పాలేరు బతకడు, పండు ఉండదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతావన్నీ దానికి సాక్ష్యాలు.

మొదటి సాక్షి మేడి. మేడిపండు అనగానే తెలుగువాడికి పొట్టలో పురుగులు గుర్తొస్తాయి. వేమన చెప్పింది మనుషుల గురించి, మాటపడ్డది మాత్రం పురుగులు. వందల ఏళ్ళుగా పడుతూనే ఉన్నాయి. నిజానికి ఆ పురుగులు పండును పాడుచేయడానికి దూరినవి కావు. వాటి తల్లి రాకపోతే ఆ పండే లేదు.

మేడికి పువ్వు కనపడదని అంటారు. పూలు లోపలికి తిరిగి ఉంటాయి, ఆ సంచినే మనం కాయ అంటాం. కొసన సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల కందిరీగ ఒకటి, ఆడది, వేరే మేడిచెట్టు నుంచి పుప్పొడి మోసుకుని వచ్చి ఆ రంధ్రంలోంచి లోపలికి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు తెగిపోతాయి. అది మళ్ళీ బయటకు రాదు. లోపల పూలకు పుప్పొడి రాసి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి చనిపోతుంది. గుడ్డు పడ్డ పువ్వులో పిల్ల పెరుగుతుంది, మిగతావి గింజ కడతాయి. కొన్ని వారాలకు ముందు మగవి బయటపడతాయి. వాటికి రెక్కలుండవు. ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు కన్నం కొరికి దారి చేసి, అక్కడే ప్రాణం విడుస్తాయి. సరిగ్గా అప్పటికి కాయలోని మగపూలు విచ్చుకుంటాయి. ఆడ కందిరీగలు ఆ పుప్పొడి సర్దుకుని, మగవి తవ్విన దారిలో ఎగిరిపోతాయి. వాటి ఆయుష్షు ఒకటో రెండో రోజులు. ఆ లోపల పూతకొచ్చిన ఇంకో మేడిచెట్టు దొరకాలి. అడవి నెత్తి మీది గాలిలో పడి పదుల కిలోమీటర్లు కూడా పోతాయి.

మర్రి, రావి, జువ్వి, మేడి అన్నీ ఒక వంశం. ఆ వంశంలో 750కి పైగా జాతులున్నాయి, చాలావాటికి ఎవరి కందిరీగ వాళ్ళకుంది. మన వాగుల ఒడ్డున ఉన్న మేడే ఉత్తర ఆస్ట్రేలియా వానడవుల దాకా ఉంది. ఈ వంశపు పండ్లు తినే పక్షులూ జంతువులూ 1,200 జాతుల పైచిలుకు. పెరూ అడవుల్లో పనిచేసిన జాన్ టెర్బర్గ్ 1986లో రాసిందేమిటంటే, మిగతా పండ్లేవీ లేని నెలల్లో కోతుల్ని, పక్షుల్ని నిలబెట్టే కొద్దిపాటి చెట్లలో ఇవి ముఖ్యమైనవని. ఎందుకు ఇవి ఏడాది పొడుగునా కాస్తాయి? కందిరీగ బతుకు రెండు రోజులు కాబట్టి. అడవిలో ఎప్పుడూ ఏదో ఒక చెట్టు పూతలో లేకపోతే ఆ కందిరీగ వంశం అంతటితో సరి.

అలా అంతరించిన సందర్భం ఒకటి రికార్డయింది. 1998 మొదటి మూడు నెలల్లో, ఎల్ నినో ఏడాది, లంబీర్ అడవిలో వానలు మొహం చాటేశాయి. కొన్ని జాతుల మేడిచెట్లు కాపు ఆపేశాయి. రెట్ హ్యారిసన్ అనే పరిశోధకుడు అక్కడే ఉన్నాడు. వానలు తిరిగొచ్చి చెట్లు మళ్ళీ కాయలు పెట్టినా లోపలికి దూరే కందిరీగ లేదు. ఆ ప్రాంతంలో అవి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయని ఆయన 2000లో రాశాడు. చెట్టుకు మూడు నెలల ఎండ అంటే కాస్త ఒళ్ళు వాడడం. దాని పురుగుకు అది వంశనాశనం.

ఇప్పుడు చాక్లెట్ దగ్గరికి వద్దాం, ఇది మన గోదావరి జిల్లాల రైతులకు దగ్గరి విషయం.

కోకో పుట్టింది అమెజాన్ ఎగువన. ఈక్వడార్‌లో సుమారు 5,300 ఏళ్ళ కిందటే మనుషులు వాడారని అక్కడి పాత కుండల్లోని ఆనవాళ్ళను బట్టి చెబుతున్నారు. పెద్ద చెట్ల నీడలో, గాలి ఆడని చోట, తేమలో పెరిగే చిన్న చెట్టు. పూలు కొమ్మల చివర కాదు, మానుకే పూస్తాయి. చిన్న పూలు, తెల్లగా, లేత గులాబీగా. తెల్లవారుజామున విచ్చుకుంటాయి, పుప్పొడి అందకపోతే ఒకటి రెండు రోజుల్లో రాలిపోతాయి. ఏడాదికి వేల పూలు పూసే చెట్టుకు కాయలు పట్టేవి నూటికి అయిదు కూడా ఉండవు.

ఆ పువ్వు కట్టుబడి చూస్తే ఇది పండు కావాలని ఉన్న పువ్వేనా అని అనుమానం వస్తుంది. పుప్పొడి సంచుల్ని రేకలే గూడులా కప్పేస్తాయి. అండాశయం మీది కీలాగ్రం చుట్టూ ఇంకో వరస ముళ్ళు కంచె కట్టినట్టు నిలబడతాయి. తేనెటీగ దూరలేదు, దూరినా ప్రయోజనం లేదు. దూరగలిగేది ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల ఈగ. కుట్టి రక్తం తాగే చిన్న ఈగల కుటుంబంలోది, కోకో తోటల్లోది మాత్రం మన జోలికి రాదు. ఆ ముళ్ళ మీది ఊదారంగు గీతలు పట్టుకుని పాకుతూ గూట్లోకి పోతుంది, వీపు మీది నూగుకు పుప్పొడి అంటించుకుని వస్తుంది. కోకో కాయలో నలభై దాకా గింజలుంటాయి కాబట్టి, కాయ నిలవాలంటే అన్ని గింజలకు సరిపడా పుప్పొడి ఒక్క రోజులో అందాలి.

ఈ ఈగ పిల్లలు పెరిగేది ఎక్కడ? కుళ్ళిన ఆకుల్లో, పగలగొట్టి పడేసిన కోకో చిప్పల్లో, నరికిన అరటి బోదెల్లో. అలెన్ యంగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కోస్టారికా తోటల్లో ఏళ్ళ తరబడి దీనిమీదే పనిచేశాడు. తోటలో అరటి బోదె ముక్కలు, కోకో చిప్పలు కుళ్ళబెట్టి చూశాడు. ఈగలు పెరిగాయి. శుభ్రంగా ఊడ్చిన తోటలో, నీడ తీసేసిన తోటలో ఈగ తగ్గుతుంది.

మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో, అందులోనూ కొబ్బరి తోటల్లో అంతరపంటగా. కొబ్బరి నీడ ఉంది, కింద ఆకు ఉంది, తోటల్లో తేమ ఉంది, అందుకే అది ఇక్కడ కుదురుకుంది. ఇక్కడో చిక్కు కూడా ఉంది. నల్లకాయ తెగులు వచ్చిన కాయల్ని తోటలో వదలొద్దని, ఏరి బయట పారేయమని అధికారులు చెబుతారు. అది సరైన మాటే, తెగులు ఆ కాయల నుంచే పాకుతుంది. రోగం కాయ వేరు, ఆరోగ్యంగా ఉన్న కాయ నుంచి గింజలు తీశాక మిగిలిన చిప్ప వేరు. మొదటిది పోవాలి, రెండోది నీడలో కుప్పపడి కుళ్ళాలి. శుభ్రం పేరుతో రెంటినీ ఒకే ట్రాక్టర్లో ఎత్తిపోస్తే ఈగల సంతతినీ అందులోనే ఎత్తిపోసినట్టు.

అన్ని చెట్లూ తమ పురుగును పెంచుకోలేవు. బ్రెజిల్ నట్ సంగతి చూడండి. ఇప్పుడు మన డ్రైఫ్రూట్ కొట్లలోనూ జీడిపప్పు పక్కన పెడుతున్నారు, ధర చూసి చాలామంది వెనక్కి పెట్టేస్తారు. అమెజాన్ అడవిలో 50 మీటర్ల ఎత్తు పెరిగే చెట్టు అది. దానికి శాస్త్రీయనామం పెట్టింది హంబోల్ట్, బాన్‌ప్లాండ్ అనే ఇద్దరు ప్రకృతి శాస్త్రవేత్తలు. తమకు తెలిసిన బెర్తొలే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పేరు దానికి ఇచ్చారు. రసాయన శాస్త్రవేత్తకు చెట్టేమిటో గానీ, పేరు నిలిచిపోయింది.

ఆ పువ్వు మీద గట్టి మూత ఉంటుంది. మూత ఎత్తగల బలం ఉన్న పురుగుకే లోపలి తేనె. ఎత్తగలిగేవి తేనెటీగ వంశంలోని పెద్ద ఈగలు. మన దూలాల్లో కన్నాలు చేసే తుమ్మెద జాతి, ఒళ్ళంతా నూగున్న బంబుల్ బీలు, ఇంకా ఆర్కిడ్ ఈగలనేవి. పువ్వు తెల్లవారే ముందు విచ్చుతుంది, మధ్యాహ్నానికి రాలిపోతుంది. ఒక చెట్టు పుప్పొడి ఆ చెట్టుకే పెద్దగా పనికిరాదు, ఇంకో చెట్టు నుంచి రావాలి. పట్టిన కాయ ముదరడానికి పదిహేను నెలలు. రెండు కేజీల దాకా తూగే గట్టి బుర్ర అది, లోపల పది పాతిక గింజలు. వానల్లో ఆ ఎత్తు నుంచి రాలుతుంది, కాబట్టి గింజలేరేవాళ్ళు గాలివాన రోజున ఆ చెట్టు కిందకు పోరు.

ఈ చెట్టు పూసేది ఏడాదిలో కొద్ది నెలలే. మిగతా నెలల్లో ఆ పెద్ద ఈగలు ఏం తినాలి? వేరే పూలు కావాలి. ఎండుకొయ్యలో, నేలలో గూళ్ళు పెట్టడానికి చోటు కావాలి. ఆర్కిడ్ ఈగల్లో మగవి ఆర్కిడ్ పూల సువాసన సేకరించుకుంటాయి. ఆర్కిడ్ లేకపోతే ఈగ జత కట్టదు, ఈగ లేకపోతే బ్రెజిల్ నట్ లేదు అని ఒక కథ బాగా తిరుగుతోంది. కథ ముచ్చటగా ఉంది గానీ కాస్త సాగదీసినది, తుమ్మెదలూ బంబుల్ బీలూ కూడా ఆ పని చేస్తున్నాయి కదా. కథ పక్కన పెట్టినా అడవి అవసరం మాత్రం తగ్గదు. అందుకే వ్యాపార పంటల్లో ఇది ఒక వింత. ప్రపంచ మార్కెట్టుకు వెళ్ళే బ్రెజిల్ నట్‌లో చాలా భాగం ఇప్పటికీ అడవిలో ఏరుకొచ్చినదే. బ్రెజిల్‌లో ఈ చెట్టు కొట్టడం నేరం. అయితే చట్టం చెట్టును కాపాడింది, చుట్టూ ఉన్న అడవిని కాదు. అడవి నరికి పశువుల బీళ్ళు చేసిన చోట్ల ఈ చెట్లు ఒంటరిగా మిగిలాయి. పూస్తాయి, కాపు మాత్రం అంతంతమాత్రం. ఆక్రె రాష్ట్రంలో రబ్బరు పాలు తీసే, ఈ గింజలేరే జనం అడవిని అడవిగానే ఉంచండని పోరాడారు. వాళ్ళ నాయకుడు చీకో మెండెస్‌ను 1988 డిసెంబరులో కాల్చి చంపారు. తరవాత 1990లో ఆయన పేరుతో అక్కడ ఒక రిజర్వు ఏర్పడింది. అక్కడ అడవి ఫలసాయం జనానిది, అడవి అడవిగానే ఉండాలి.

ఇక చివరిది, నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ, పామాయిల్‌ది.

పామాయిల్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా వానడవులు. 1848లో నాలుగు మొక్కలు జావా దీవిలోని బొగోర్ తోటకు చేరాయి. ఆ నాలుగింటి సంతానమే ఆగ్నేయాసియా అంతా పాకింది. మలేషియాలో తొలి వాణిజ్య తోట 1917లో వేశారు. చెట్టు వెళ్ళింది, దాని పురుగు వెళ్ళలేదు. ఆ సంగతి అరవై ఏళ్ళకు పైగా ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే ఈ చెట్టుకు గాలే పుప్పొడి మోస్తుందని పుస్తకాల్లో ఉంది. పనసకు రాసినట్టే.

కాపు మాత్రం గెల నిండా పట్టేది కాదు. ముఖ్యంగా బోర్నియోలోని సబా రాష్ట్రంలో. దాంతో మనుషుల్నే పెట్టారు. మగపూత నుంచి పుప్పొడి దులిపి, టాల్కం పొడిలో కలిపి, చెట్టు చెట్టుకూ తిరిగి ఆడ పూగుత్తుల మీద చల్లాలి. పూగుత్తి విచ్చుకుని సిద్ధంగా ఉండేది రెండు మూడు రోజులే కాబట్టి వేల ఎకరాల్లో రోజూ ఇదే పని. కూలి ఖర్చు తడిసి మోపెడయ్యేది.

లెస్లీ డేవిడ్‌సన్ అని ఒక స్కాట్లండ్ ఆయన, యూనిలివర్ తోటల్లో ఉద్యోగి. సబాకు రాకముందు ఆఫ్రికాలోని కామెరూన్‌లో పనిచేశాడు. అక్కడ మగపూత చుట్టూ గుంపులు గుంపులుగా ముసిరే పురుగుల్ని చూశాడు, మలేషియాలో అవి లేవు. గాలి కాదు, పురుగే అని ఆయన అంటే మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తోటల విభాగంలో పెద్ద పదవికి వచ్చాక 1970ల చివర్లో పాకిస్తాన్‌కు చెందిన రహ్మాన్ సయీద్ అనే కీటక శాస్త్రవేత్తను కామెరూన్ పంపించే ఏర్పాటు చేశాడు. మాట నెగ్గాలంటే సత్యం ఒక్కటే చాలదు, కుర్చీ కూడా ఉండాలి.

సయీద్ తేల్చింది ఇది. పని చేస్తున్నది ఒక ముక్కుపురుగు. మూడు నాలుగు మిల్లీమీటర్లు, గోధుమ నలుపు రంగు, పొడుగు ముక్కు. మగపూత విచ్చినప్పుడు సోంపు వాసన వస్తుంది, నిజంగా సోంపులో ఉండే జాతి రసాయనమే అది. ఆ వాసనకు ముక్కుపురుగులు వేలకొద్దీ వచ్చి మగపూలు తింటాయి, అక్కడే గుడ్లు పెడతాయి. పిల్లలు పెరిగేది పుప్పొడి రాల్చేసి వాడిపోతున్న మగపూలలో. రెండు వారాలు తిరక్కుండా కొత్త తరం. ఆడ పూగుత్తి కూడా విచ్చినప్పుడు ఉండుండి అదే సోంపు వాసన వదులుతుంది. పురుగు ఒంటినిండా పుప్పొడితో అక్కడ దిగుతుంది, తినడానికి ఏమీ లేదని తెలుసుకుని వెళ్ళిపోతుంది. చెంపెడక్ చేసిన మోసమే, ఇంకో ఖండంలో, ఇంకో చెట్టు.

ఒక దేశపు పురుగును ఇంకో దేశంలో వదలడం ఆషామాషీ కాదు. అది రేపు కొబ్బరినో వరినో తినడం మొదలుపెడితే? అందుకని రకరకాల పంటల మీద పెట్టి చూశారు. పామాయిల్ మగపూత తప్ప అది దేని మీదా సంతానం పెంచలేదని తేలాక, 1981 ఫిబ్రవరిలో మలేషియాలో జొహోర్ రాష్ట్రంలోని ఒక తోటలో వదిలారు. ఆ తరవాత దాన్ని మోసుకెళ్ళే పని ఎవరికీ పెద్దగా లేకపోయింది. తోట నుంచి తోటకు అదే పాకింది. గెలలు నిండాయి. పొడి చల్లే కూలి పని అక్కడితో ఆగిపోయింది.

మన దేశంలోకి ఈ ముక్కుపురుగు 1985లో కేరళకు వచ్చింది. పామాయిల్ సాగు తరవాత ఆంధ్రదేశానికి పాకి, ఏలూరు పక్కన పెదవేగిలో 1995లో జాతీయ పరిశోధన కేంద్రం కూడా వచ్చింది. ఇవాళ దేశంలో పామాయిల్ ఎక్కువగా పండించేవి రెండు తెలుగు రాష్ట్రాలే. ఇక్కడిది వానడవి కాదు, మెట్ట నేల, బోరు నీళ్ళు, డ్రిప్పు. అయినా కామెరూన్ అడవి పురుగు ఒకటి మన తోటల్లో ప్రతి గెల వెనకా ఉంది. ఈ చెట్టు మన భూగర్భజలానికి భారమా కాదా అన్నది వేరే చర్చ, ఇవాళ దానిలోకి పోను.

తోట ఉన్నవాళ్ళకు మాత్రం రెండు మాటలు. మగ పూగుత్తి కనిపిస్తే చాలామందికి చిరాకు, గెల రావలసిన చోట ఇదొచ్చిందని. నీటి ఎద్దడి పడిన చెట్టు మగపూత ఎక్కువ వేస్తుంది, కాబట్టి ఆ చిరాకులో కొంత న్యాయం ఉంది. నీళ్ళూ ఎరువులూ దండిగా ఉన్న లేత తోటల్లో దీనికి ఎదురు జరుగుతుంది. దాదాపు అన్నీ ఆడ పూగుత్తులే వస్తాయి, రైతు సంబరపడతాడు, తీరా గెలలు సగం తాలుగా దిగుతాయి. పుప్పొడీ లేదు, పురుగు పెరగడానికి చోటూ లేదు. వాడిన మగ పూగుత్తుల్ని చూడ్డానికి బాగాలేదని నరికేయకండి, అందులో పిల్లలు ఉంటాయి. తెల్లదోమకో మరో దానికో మందు కొట్టాలనుకున్నప్పుడు తోటలో పూత ఏ దశలో ఉందో ఒకసారి తలెత్తి చూసి, పెదవేగి శాస్త్రవేత్తల్ని అడిగి కొట్టండి. మందుకు ఏ పురుగు మనదో తెలియదు.

కొత్తగా కాపు మొదలయ్యే తోటలో ముక్కుపురుగు లేకపోతే తెచ్చుకోవచ్చు. మొదటి రెండున్నర, మూడేళ్ళు పూత తీసేస్తూ వస్తారు కదా, అది ఆపాక, పురుగు బాగా ఉన్న ముదురు తోట నుంచి పూత అయిపోవచ్చిన మగ పూగుత్తులు కోసి తెచ్చి కొత్త తోటలో మగపూత ఉన్న చెట్ల దగ్గర మట్టల మధ్య పెడతారు. వాటిలోని పిల్లలు పెరిగి బయటికొచ్చి సోంపు వాసన వెతుక్కుంటాయి. పొరుగు రైతుది ముదురు తోట అయితే అడిగి చూడండి. దానికి డబ్బు అడిగేవాళ్ళు ఉండరనే అనుకుంటున్నాను.